టీమ్ దూరదేశాల్లో ఉంటే మార్చి రాకముందే మీటింగులు సరిచూసుకోండి

బెంగళూరులో ఉంటూ గుంటూరు, బెర్లిన్, డల్లాస్‌లలో మనుషుల్ని పెట్టుకుని చిన్న కంపెనీ నడిపే మనవాళ్లకు ఈ చిట్కా. మన గడియారం ఏడాదంతా ఒకేలా నడుస్తుంది, వాళ్లది అలా కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. యూరప్‌లో ఇదే పని మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో. దాంతో మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం డల్లాస్‌కూ బెర్లిన్‌కూ మధ్య ఉండే తేడా కూడా మారిపోతుంది. అందరికీ టెన్షన్ ఆ వారాల్లోనే.

మన సాయంత్రం 6:30 అంటే వేసవిలో డల్లాస్‌కు ఉదయం 8, చలికాలంలో 7. పిల్లల్ని స్కూలుకు పంపే తల్లికి ఆ ఒక్క గంటే చాలా ఎక్కువ. అందుకే ప్రతివారం జరిగే మీటింగును కేలెండర్‌లో పెట్టేటప్పుడు మన టైమ్ జోన్ కాకుండా, వేళ మారితే ఎక్కువ ఇబ్బంది పడేవాళ్ల టైమ్ జోన్ ఎంచుకోండి. వాళ్లకు వేళ మారదు. చలికాలంలో మనకది 7:30 అవుతుంది, కాబట్టి ఇక్కడివాళ్లు ఆ రోజు పని గంట ఆలస్యంగా మొదలుపెట్టేలా ముందే చెప్పేయండి. ఇది వాళ్లు అడిగేదాకా ఆగాల్సిన విషయం కాదు.

ఇంకొకటి. కాల్ అయ్యాక మనం మనం తెలుగులో మాట్లాడుకుని తేల్చేసిన సంగతులు బెర్లిన్‌లో ఉన్న మనిషికి చేరవు. అవి కూడా అదే రోజు అందరూ చూసే చోట రాసి పెట్టండి.