వాల్కిరీ ప్రొఫైల్ వీడియో గేమ్ మొదలుపెట్టేవాళ్లకి

ముందుగా ఒక్క మాట: ఈజీ మోడ్ జోలికి వెళ్లొద్దు, ఎందుకంటే అసలైన ముగింపు, అంటే ఎండింగ్ ఏ, అందులో రానే రాదు. నార్మల్ లేదా హార్డ్ తీసుకోండి.

1999లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఈ జపాన్ ఆటలో మీరు లెన్నెత్ అనే వాల్కిరీ, అంటే నార్స్ పురాణాల్లో వీరుల ఆత్మల్ని తీసుకెళ్లే దేవకన్య. చనిపోయే వీరుల ఆత్మల్ని వెతికి, తీర్చిదిద్ది, రాగ్నరాక్ అనే దేవతల ఆఖరి యుద్ధం కోసం వాళ్ల రాజు ఓడిన్ దగ్గరికి పంపాలి. మొత్తం 8 అధ్యాయాలు, నార్మల్‌లో ఒక్కోదానికి 24 పీరియడ్లు, అంటే ఆటలో మీకిచ్చే సమయం. ఊళ్లోకి వెళ్లినా, డంజన్‌లో (శత్రువులుండే గుహలు, కోటల్లాంటి చోట్లు) దూరినా అవి ఖర్చవుతాయి కాబట్టి ఊరికే తిరగకండి. మ్యాప్ మీద ఎగురుతూ స్టార్ట్ నొక్కితే ఎవరో చనిపోబోతున్న చోటు తెలుస్తుంది.

ఫైట్‌లో నలుగురు, నాలుగు బటన్లు, ఒక్కొక్కరికి ఒకటి. అన్నీ ఒకేసారి నొక్కేస్తే సగం దెబ్బలు గాల్లో పోతాయి. ఒకరు శత్రువుని పైకి లేపగానే, వాడు కిందపడేలోపు రెండోవాళ్ల బటన్ నొక్కండి. దెబ్బలు తగిలేకొద్దీ నిండే గేజ్ 100కి చేరితే ఫినిషింగ్ మూవ్ వస్తుంది, ఆ క్షణం కోసమే నేను ఈ ఆట మళ్లీ మళ్లీ ఆడతాను.

ఓడిన్ తరఫున ఫ్రేయా దేవత అడిగిన లక్షణాలున్నవాళ్లని పంపుతూ ఉండండి, మంచివాళ్లని దాచుకోవాలనిపిస్తుంది, అయినా పంపాలి. ఎండింగ్ ఏ కావాలంటే, స్టేటస్‌లో లెన్నెత్ సీల్ విలువ (ఆమె పాత జ్ఞాపకాల్ని మూసి ఉంచిన ముద్ర బలం) చూసుకుంటూ దాన్ని 37కి లేదా ఇంకా కిందికి దించండి, మీతో చేరే వీరుల్లో ఒకడైన లూసియన్‌ని 6వ అధ్యాయం అయ్యేలోపు పంపేయండి.