ఐఎస్ఓని పెన్ డ్రైవ్‌లో కాపీ చేస్తే బూట్ అవ్వదు, మరేం చెయ్యాలి

కొత్తగా ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేస్కునేవాళ్ళు చాలామంది ఇలాగే మొదలెడతారు, ఐఎస్ఓ డౌన్‌లోడ్ చేస్తారు, పెన్ డ్రైవ్‌లో కాపీ పేస్ట్ కొడతారు, రీస్టార్ట్ చేస్తే బూట్ అయ్యేది ఏదీ దొరకలేదని స్క్రీన్ మీద వస్తుంది, ఇంక పెన్ డ్రైవే పోయిందనుకుని ఇంకోటి తెస్తారు. పెన్ డ్రైవ్‌కి ఏం కాలేదండి. ఐఎస్ఓ అంటే ఒక సీడీనో డీవీడీనో ఉన్నదున్నట్టు దించేసిన నకలు. సీడీ బూట్ అయ్యే పద్ధతి వేరు, పెన్ డ్రైవ్‌ని మాత్రం మదర్‌బోర్డు హార్డ్ డిస్క్‌లాగే చూస్తుంది. సిస్టమ్ ఆన్ అవ్వగానే మదర్‌బోర్డులో నడిచే ప్రోగ్రామ్ పాత బయాస్ అయితే డ్రైవ్ మొదటి సెక్టార్‌లో బూట్ కోడ్ కోసం చూస్తుంది, కొత్త రకం యూఈఎఫ్ఐ అయితే ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసిన పార్టిషన్‌లో (డ్రైవ్‌లో ఒక భాగం) ఈఎఫ్ఐ ఫోల్డర్, అందులో బూట్ ఫోల్డర్, అందులో బూట్ ఫైలు ఉందా అని చూస్తుంది. మీరు కాపీ చేసిన ఐఎస్ఓ దానికి ఒక పెద్ద ఫైలు, అంతే, సినిమా ఫైలు పెట్టినా ఒకటే.

ఐఎస్ఓని పెన్ డ్రైవ్ మీద రాసేముందు చెక్‌సమ్ (ఫైలు పాడవకుండా దిగిందా అని తేల్చే నంబర్) చూస్కోండి. డౌన్‌లోడ్ పేజీలోనే షా256 నంబర్ ఇస్తారు, లినక్స్‌లో షా256సమ్, విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో మీ ఫైలుది తీసి రెండూ కలుస్తున్నాయా చూడాలి. రెండు నిమిషాల పని, ఇన్‌స్టాల్ సగంలో ఆగి తల పట్టుకోవడం కన్నా నయం కదా.

లినక్స్ ఐఎస్ఓలు తేలిక. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, ఆర్చ్ లాంటివాటివి హైబ్రిడ్ ఇమేజ్‌లు, అంటే సీడీ నకలే గానీ ముందుభాగంలో హార్డ్ డిస్క్‌కి ఉండే పార్టిషన్ టేబుల్ (డ్రైవ్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) కూడా పెట్టేసి ఉంటారు, అందుకని మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా పెన్ డ్రైవ్ మీద దింపేస్తే పనైపోద్ది. బటన్ నొక్కి చేస్కోవాలంటే బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్ ఉంది, రాశాక తనే వెరిఫై కూడా చేస్తుంది. కమాండ్ అలవాటున్నవాళ్ళకి లినక్స్‌లో ఉండే డీడీ కమాండ్ చాలు, ఐఎఫ్ దగ్గర ఐఎస్ఓ ఫైలు, ఓఎఫ్ దగ్గర పెన్ డ్రైవ్, బీఎస్ 4ఎం, స్టేటస్ ప్రోగ్రెస్, కాన్వ్ దగ్గర ఎఫ్‌సింక్. ఆ చివరిది మర్చిపోవద్దు, అది లేకపోతే రాయడం అయిపోయినట్టు చూపిస్తుంది గానీ సగం డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది, మీరు పెన్ డ్రైవ్ పీకేస్తారు, ఇంక చూస్కోండి. ఓఎఫ్ దగ్గర ఎస్‌డీబీ1 లాగా అంకె ఉన్న పార్టిషన్ కాదు, లినక్స్ పెట్టే ఎస్‌డీబీ లాంటి మొత్తం డ్రైవ్ పేరివ్వాలి.

డ్రైవ్ పేరు దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు చూడండి, డీడీ మిమ్మల్ని ఏమీ అడగదు, చెప్పినచోట రాసేస్తుంది. నేనొకసారి నిన్న ఎస్‌డీబీయే కదా ఇవాళా అదే అనుకుని కొట్టేశా, ఆరోజు ఎస్‌డీబీ నా బ్యాకప్ హార్డ్ డిస్క్. పోయిన ఫైళ్ళు వెతికే ఫొటోరెక్‌తో కొన్ని ఫొటోలు వెనక్కొచ్చాయి గానీ ఫైలు పేర్లు ఒక్కటీ రాలేదు. అప్పట్నుంచి పెన్ డ్రైవ్ పెట్టకముందొకసారి, పెట్టాకొకసారి డ్రైవ్‌ల లిస్ట్ చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి సైజు చూస్కున్నాకే ఎంటర్ నొక్కుతా.

విండోస్ దగ్గరికొస్తే ఈ డీడీ పద్ధతి పనిచెయ్యదు, ఎందుకంటే ఆ ఐఎస్ఓ హైబ్రిడ్ కాదు. పెన్ డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఐఎస్ఓ లోపలి ఫైళ్ళన్నీ కాపీ చేస్తే యూఈఎఫ్ఐలో బూట్ అవ్వాలి, నిజమే, కానీ ఫ్యాట్32లో 4 జీబీ కన్నా పెద్ద ఫైలు పట్టదు, సోర్సెస్ ఫోల్డర్‌లో ఉండే ఇన్‌స్టాల్ డాట్ విమ్ చాలావరకు దానికి మించే ఉంటుంది. పోనీ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేద్దామంటే అది చాలా మదర్‌బోర్డులకి చదవడం రాదు. రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్ దీన్ని ఎలా దాటిందంటే, ఫైళ్ళు ఎన్‌టీఎఫ్ఎస్‌లో పెట్టి, పక్కనే ఒక బుల్లి ఫ్యాట్ పార్టిషన్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ చదివే డ్రైవర్ పెడుతుంది, మదర్‌బోర్డు ముందు అది లోడ్ చేస్కుని తర్వాత అసలు ఇన్‌స్టాలర్‌కి వెళ్తుంది. అందుకే విండోస్ సిస్టమ్ చేతిలో ఉంటే రూఫస్ తప్ప ఇంకోటి ఆలోచించొద్దు, 8 జీబీ పెన్ డ్రైవ్, కొత్త సిస్టమ్‌కైతే జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్), యూఈఎఫ్ఐ సెలెక్ట్ చేస్తే చాలు. లినక్స్ నుంచే విండోస్ పెన్ డ్రైవ్ చెయ్యాలంటే విమ్‌లిబ్ అనే టూల్‌తో ఆ పెద్ద ఫైలుని 4 జీబీ లోపు ముక్కలుగా కొయ్యాలి, ఎక్స్‌టెన్షన్ ఎస్‌డబ్ల్యూఎం అవుతుంది, ఇన్‌స్టాలర్ వాటిని తనే కలుపుకుంటుంది.

తరచూ ఓఎస్‌లు మార్చేవాళ్ళకి వెంటాయ్ అనే టూల్ బెస్ట్. ఒక్కసారి దాన్ని పెన్ డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే (అప్పుడు మాత్రం ఉన్నదంతా పోతుంది) ఆ తర్వాత ఐఎస్ఓలు ఎన్ని పడితే అన్ని మామూలుగా కాపీ చేస్కోవచ్చు, బూట్ అయ్యాక లిస్ట్ వస్తుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మొదటిసారి నీలం స్క్రీన్ వచ్చి కీ ఎన్‌రోల్ చెయ్యమంటుంది, భయపడకండి.

బూట్ మెనూ (ఏ డ్రైవ్ నుంచి బూట్ అవ్వాలో ఎంచుకునే లిస్ట్) కీ ఒక్కో కంపెనీకి ఒక్కోటి, ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, ఇలా ఉంటాయి, పవర్ ఆన్ చేసిన వెంటనే టకటకా నొక్కుతూ ఉండండి. పెన్ డ్రైవ్ లిస్ట్‌లో రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నది ఎంచుకోండి.

పనయ్యాక పెన్ డ్రైవ్ విండోస్‌లో పెడితే కొన్ని ఎంబీలే చూపిస్తుంది, ఫార్మాట్ చెయ్యాలా అని కూడా అడుగుతుంది. పార్టిషన్ టేబుల్ మారిపోయింది అంతే. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ కమాండ్ తెరిచి లిస్ట్ డిస్క్ కొట్టి, సైజు చూసి సరైన డిస్క్ సెలెక్ట్ చేసి, క్లీన్ (డిస్క్ మీద ఉన్న పార్టిషన్లన్నీ తీసేస్తుంది) అనండి, తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త పార్టిషన్ చేస్కుంటే పాత సైజు తిరిగొచ్చేస్తుంది. ఇక్కడ కూడా సైజు చూడకుండా క్లీన్ కొట్టకండి బాబూ, నా బ్యాకప్ డిస్క్ సంగతి పైన చెప్పా కదా.