వానలకు ముందు ఉక్కు కాంపోజిట్ల పనిలో జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చేస్తోంది. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో ఉక్కుకు టైటానియం కార్బైడ్ (టైటానియం, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) కలిపి అరుగుదలకు ఆగే ముక్కలు చేసేవాళ్లు, కాలేజీ ల్యాబుల్లో అదే ప్రాజెక్టు పెట్టుకున్న పిల్లలు ఇప్పుడే అన్నీ చూసుకోవాలి. ఈ పనికి వానకన్నా తేమతోనే టెన్షన్.

ఇనుప పొడి ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు సింటరింగ్‌లో, అంటే అదిమిన పొడిని కరిగించకుండా వేడితో గట్టిపరిచేటప్పుడు, కార్బన్‌ను తినేస్తుంది, ముక్కలో గుల్లలు మిగులుతాయి. డబ్బాలో పొడి ఉండకట్టి అక్కడక్కడా ఎర్రగా కనిపిస్తే, జల్లించి వాడేద్దాం అనుకోకండి.

అసలు భయపడాల్సింది బాల్ మిల్ (గుండ్లతో పొడిని నూరే యంత్రం) జార్ మూత తీసేటప్పుడు. టైటానియం, కార్బన్ కలిపి గంటల తరబడి ఆడించిన పొడి గాలి తగలగానే భగ్గుమనొచ్చు. జార్ పూర్తిగా చల్లారాక, దేన్నీ మండనివ్వని ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లోనే (బిగించిన గ్లవ్స్‌తో బయటినుంచి పనిచేసే మూసిన పెట్టె) తెరవాలి. అది లేకపోతే ఈ పద్ధతి జోలికే పోకుండా, తయారైన కార్బైడ్ కొనుక్కోవడం మేలు. అంటుకుంటే నీళ్లు పోయొద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ వద్దు, మండే టైటానియం అందులోనూ మండుతుంది. పొడి ఇసుక కావాలి. మన దగ్గర ఇసుక బకెట్ ఉండేదేమో వరండాలో, చూరు కింద! దాన్ని లోపల పెట్టి మూత వేయండి.

పొడితో కాకుండా ఉక్కును కరిగించి అచ్చులో పోసేవాళ్లు తుక్కు ఇనుమును ఆరుబయట పడేయొద్దు. కరిగిన ఉక్కు వేడి 1,500 డిగ్రీల పైమాట. దాని కింద చిక్కిన నీటిబొట్టు ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది, కరిగిన లోహం మనమీదికి ఎగజిమ్ముతుంది. రెండు కొసలూ నొక్కుకుపోయిన గొట్టం పైకి పొడిగానే ఉంటుంది, లోపల నీళ్లుంటాయి. అలాంటివి కోసి చూడనిదే కొలిమిలో వేయొద్దు. అచ్చు, గరిట, కలిపే కడ్డీ, కార్బైడ్ పొడి అన్నీ ముందే వేడిచేసుకోవాలి. చవక అని టైటానియం కార్బైడ్ బదులు సిలికాన్ కార్బైడ్ తెచ్చే ఆలోచన ఏ కాలంలోనూ వద్దు, అది కరిగిన ఇనుముతో కలిసిపోయి గ్రాఫైట్ వదులుతుంది.

మాస్కులు, గ్లవ్స్ సంగతి అందరికీ తెలిసిందే.

ఇక హైడ్రోజన్ ఫర్నేస్, అంటే హైడ్రోజన్ వాయువు నింపి సింటరింగ్ చేసే కొలిమి. గాలివానకు కరెంటు పోతే కొలిమి చల్లబడుతూ బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య హైడ్రోజన్ ఎంతున్నా అంటుకుంటుంది, పేలొచ్చు. కరెంటుతో పని లేకుండా తెరుచుకునే ఆర్గాన్ లైను విడిగా ఉంచండి, సిలిండర్ నిండుగా ఉందో లేదో రోజూ చూడండి. జల్లు కొడుతోందని పై వెంటిలేటర్లు మూసేయడం మన షెడ్లలో మామూలే. లీకైన హైడ్రోజన్ చేరేది ఆ కప్పు కిందే. రేకులతో చూరు ముందుకు పెంచుకోండి, వెంటిలేటర్లు మాత్రం తెరిచే ఉంచండి.