గ్యాస్ క్రొమటోగ్రఫీలో ప్లాస్మా డిటెక్టర్ – 3వ పాఠం: పీక్ ఏరియాల నుంచి ఫార్ములా దాకా

పోయిన పాఠంలో ప్లాస్మా (అయనీకరించిన వేడి వాయువు) వెలిగించాం. కాలమ్ (మిశ్రమాన్ని విడదీసే సన్నని గొట్టం) నుంచి బయటికొచ్చిన పదార్థం ఆ హీలియం ప్లాస్మాలో పడగానే అణువు ముక్కలైపోయి విడి పరమాణువులు మిగులుతాయి, ఒక్కో మూలకం తన సొంత తరంగదైర్ఘ్యంలో వెలుగుతుంది. చవకగా దొరికే ఆర్గాన్ వాడొచ్చు కదా అంటారేమో. క్లోరిన్‌ని అయనీకరించడానికే దాదాపు 13 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఉత్తేజిత ఆర్గాన్ దగ్గర ఉండేది 11.5 చిల్లర, హీలియం దగ్గర 19.8. అదీ సంగతి.

ఈరోజు మూడు ఛానెళ్లు (ఒక్కో మూలకం వెలుగుని కొలిచే తరంగదైర్ఘ్యాలు) చాలు: కార్బన్ 496, హైడ్రోజన్ 486, క్లోరిన్ 479 నానోమీటర్లు. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒక్క ఇంజెక్షన్‌లో మూడూ వస్తాయి (ఆ 496 నిజానికి 248 దగ్గరి గీతే, వెలుగుని విడదీసే గ్రేటింగ్ రెండో ఆర్డర్‌లో, అంటే రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర కనిపిస్తుంది). సాల్వెంట్ (శాంపిల్‌ని కరిగించిన ద్రవం) వెళ్లిపోయేదాకా వెంట్, అంటే దాన్ని ప్లాస్మాకి చేరకుండా బయటికి పంపే దారి, తెరిచే ఉంచండి, లేదంటే ప్లాస్మా ఆరిపోతుంది, ట్యూబులో మసి కూడా పడుతుంది.

ఇక లెక్క. స్టాండర్డ్‌గా (ఫార్ములా ముందే తెలిసిన పదార్థంగా) క్లోరోబెంజీన్ తీసుకున్నాం, అంటే కార్బన్ 6, హైడ్రోజన్ 5, క్లోరిన్ 1. పీక్ (పదార్థం వచ్చినప్పుడు గ్రాఫ్‌లో లేచే శిఖరం) ఏరియాలు వరసగా 1200, 500, 100 వచ్చాయనుకుందాం. ఒక్కో పరమాణువుకి 200, 100, 100 అన్నమాట. ఇప్పుడు మనకి తెలియని పీక్‌లో 800, 200, 200 ఉన్నాయి. భాగిస్తే 4, 2, 2, అంటే 2:1:1. ట్రైక్లోరోబెంజీన్ దొరికేసిందని ఎగరకండి! టెట్రాక్లోరోస్టైరీన్‌కీ ఇదే నిష్పత్తి, పైగా ట్రైక్లోరోబెంజీన్‌లోనే మూడు ఐసోమర్లున్నాయి (ఫార్ములా ఒకటే, పరమాణువుల అమరిక వేరు). డిటెక్టర్ చెప్పేది నిష్పత్తి మాత్రమే, అసలు అణువేదో తేల్చడానికి రిటెన్షన్ టైమ్ (కాలమ్ దాటి రావడానికి పట్టే సమయం) చూడాల్సిందే.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, కొత్తవాళ్లు దాదాపు అందరూ వదిలేస్తారు. క్లోరిన్ ఛానెల్లో పీక్ లేచినంత మాత్రాన అక్కడ క్లోరిన్ ఉన్నట్టు కాదు, ఎందుకంటే హైడ్రోకార్బన్ మరీ ఎక్కువగా వచ్చినప్పుడు దాని వెలుగు కొంత ఈ ఛానెల్లోకి కారుతుంది, చిన్న పీక్ చాలా నమ్మకంగా నిలబడుతుంది. అందుకే ఆ క్షణపు స్పెక్ట్రమ్ స్నాప్‌షాట్ తెరవండి. నిజమైన క్లోరిన్ అయితే 479.5, 481.0, 481.9 దగ్గర మూడు గీతలు కలిసి కనబడతాయి. అవి లేకుండా నేల (స్పెక్ట్రమ్ అడుగు గీత) మాత్రం పైకి లేచి ఉంటే అది కార్బన్ చేసిన మోసం, ఆ పీక్ కొట్టేయండి.

ఇంటిపని: అదే స్టాండర్డ్‌తో ఇంకో పీక్‌లో కార్బన్ 400, హైడ్రోజన్ 400, క్లోరిన్ 100 వచ్చాయి. నిష్పత్తి కట్టి, అత్యంత చిన్న ఫార్ములా ఏదో రాయండి. చిన్న సూచన: ఈ మూడు మూలకాలే ఉన్న స్థిరమైన అణువులో హైడ్రోజన్, క్లోరిన్ల మొత్తం సరిసంఖ్య అవ్వాలి, మీకు మొదట వచ్చేది అలా ఉండదు.