1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్: కొలతలు, తరచూ వచ్చే ట్రబుల్స్, వాటిని పట్టుకునే వరస

మారుతీ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగాల్లో డీడీఐఎస్ పేరుతోనూ, టాటా విస్టా, మాంజా, జెస్ట్‌లలో క్వాడ్రాజెట్ పేరుతోనూ, ఫియట్ పుంటో, లీనియాల్లో మల్టీజెట్ అనే సొంత పేరుతోనూ తిరిగినది మూలంలో ఒకే ఇంజిన్. ఫియట్ దీన్ని 2003లో తెచ్చింది. మన దేశంలో మనేసర్‌లోనూ, రంజన్‌గావ్‌లోనూ తయారైంది. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో కొత్త కార్లలో ఆగిపోయింది. పాత బండ్లు మాత్రం ఇంకా రోడ్డు మీద బోలెడు ఉన్నాయి, ట్యాక్సీలుగా మరీ ఎక్కువ. సరిగ్గా చూసుకుంటే ఈ ఇంజిన్ చాలాకాలం నడుస్తుంది. దీని ట్రబుల్స్‌లో ఎక్కువ భాగం ఆయిల్ దగ్గరో, గాలి పైపుల దగ్గరో, డీజిల్ శుభ్రత దగ్గరో మొదలవుతాయి. అక్కడ వెతక్కుండా నేరుగా టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోసే భాగం), ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చేసి వేలకు వేలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి, ఏది ముందు చూడాలో ఆ వరసలోనే చెబుతున్నాం.

ముందు కొలతలు. నాలుగు సిలిండర్లు, 1248 సీసీ, బోరు 69.6 ఎంఎం, స్ట్రోక్ 82 ఎంఎం. 16 వాల్వులు, పైన రెండు క్యామ్ షాఫ్టులు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. మామూలు టర్బో ఉన్న రకం 4000 ఆర్‌పీఎం దగ్గర 75 పీఎస్, 2000 దగ్గర 190 ఎన్ఎం ఇస్తుంది. వేరియబుల్ జామెట్రీ టర్బో, అంటే వీజీటీ ఉన్న రకం 90 పీఎస్, 1750 దగ్గర 200 ఎన్ఎం. మొదటి తరంలో కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే హైప్రెషర్ గొట్టం) ప్రెషర్ 1400 బార్, తర్వాత 1600 బార్ వరకు పెరిగింది. వాల్వుల ట్యాపెట్లు హైడ్రాలిక్, అంటే ఆయిల్ ప్రెషర్‌తో వాటంతటవే సర్దుకునేవి కాబట్టి గ్యాప్ సెట్ చేసే పని లేదు. క్రాంక్‌తో క్యామ్ షాఫ్టుల్ని తిప్పేది టైమింగ్ బెల్టు కాదు, చైన్.

ఆయిల్, చైన్ కలిపి చూడాలి

ఇంజిన్‌లో పట్టే ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి దాదాపు 3 లీటర్లే. డిప్‌స్టిక్ మీద పై గీతకీ కింది గీతకీ మధ్య తేడా సుమారు ఒక లీటరు. అంటే కింది గీత దగ్గరికొచ్చిందంటే మూడో వంతు ఆయిల్ లేనట్టే. చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా, పాతబడి మడ్డి కట్టినా ముందు దెబ్బ తినేది చైనే. ‘చైన్‌కి మెయింటెనెన్స్ ఉండదు’ అన్న మాట విని ఆయిల్ మార్పు వాయిదా వేయడం ఈ ఇంజిన్‌కి చేయగల అతి పెద్ద అన్యాయం. పూర్తి సింథటిక్ 5డబ్ల్యూ-30 లేదా 5డబ్ల్యూ-40, మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అది పోసి, 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు మార్చండి. సిటీ ట్రాఫిక్‌లో నలిగే ట్యాక్సీకి 7,500 దగ్గరే మార్చడం మంచిది. ఫిల్టర్ మార్చేటప్పుడు మూతకుండే రబ్బరు రింగు కూడా కొత్తది వేయాలి.

వారానికోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండిని చదునైన చోట నిలిపి డిప్‌స్టిక్ తీయండి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. చూడాల్సినవి మట్టం, వాసన. మట్టం తగ్గకపోగా పెరుగుతూ ఉండి డీజిల్ వాసన వస్తుంటే, ఇంజెక్టర్ నుంచి డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం. ఆ బండిని అలాగే తిప్పితే బేరింగులు పోతాయి.

చైన్ సాగితే పొద్దున సెల్ఫ్ కొట్టగానే గేర్‌బాక్స్‌కి ఎదురు వైపు నుంచి గలగల శబ్దం వస్తుంది. ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతే టెన్షనర్‌లోకి ఆయిల్ చేరడానికి పట్టిన సమయం అనుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా వినపడుతుంటే, స్కానర్‌లో (ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే పరికరం) పి0016 కోడ్, అంటే క్రాంక్, క్యామ్ టైమింగ్ కలవడం లేదన్న కోడ్ వస్తుంటే, ఇక బండి తిప్పకుండా విప్పించాలి. చైన్ పళ్లు దాటితే ముందు వాల్వుల్ని నొక్కే రాకర్లు విరుగుతాయి. అదృష్టం బాగుంటే వాటితోనే ఆగుతుంది, లేకపోతే వాల్వులు, పిస్టన్ల దాకా వెళుతుంది. మార్చేటప్పుడు చైన్ ఒక్కటే కాకుండా టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కిట్‌గా వేయాలి. క్రాంక్‌నీ క్యామ్‌లనీ లాక్ చేసే పిన్నులు లేకుండా పెయింటు గుర్తులతో పని కానిచ్చే షెడ్డుకి బండి ఇవ్వకండి. ఇంకో జాగ్రత్త: చైన్ కవర్‌కి సీలెంట్ మరీ మందంగా రాస్తే, లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి సంప్‌లో (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడతాయి. పలుచటి గీత చాలు.

పికప్ తగ్గింది, నల్ల పొగ వస్తోంది

ఈ రెండూ కలిసి వచ్చాయంటే లోపలికి గాలి తక్కువ వెళుతోందన్నమాట. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మన దుమ్ము రోడ్ల మీద 20,000 కిలోమీటర్లకే మార్చాల్సి రావచ్చు. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కీ (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి మానిఫోల్డ్‌కీ (గాలిని సిలిండర్లకి పంచేది) వెళ్లే రబ్బరు పైపులు చూడండి. వాటి లోపల పలుచటి ఆయిల్ పొర ఉండటం మామూలే. బయట ఒకచోట మాత్రమే తడిగా, దుమ్ము పట్టి నల్లగా కనబడితే అక్కడ చీలికో, క్లిప్పు వదులో ఉన్నట్టు. ఖాళీ స్పీడులో టర్బో ప్రెషర్ ఉండదు కాబట్టి ఇంజిన్ ఆన్‌లో పెట్టి చూస్తే ఈ లీకు దొరకదు. ఇంజిన్ ఆపి, పైపు చివరలు మూసి, కంప్రెసర్‌తో 0.7 బార్ మించకుండా గాలి నింపి సబ్బు నురగ పూయండి. బుడగలు వచ్చిన చోటే లీకు. పి0299 కోడ్ (టర్బో ప్రెషర్ తక్కువ) రాగానే టర్బో పోయిందని చెప్పేవాళ్ల చేత ముందు ఈ పరీక్ష చేయించండి.

పైపులన్నీ బాగుంటే ఈజీఆర్ వాల్వ్ వంతు. కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది ఇదే. పొగలో మసి, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికొచ్చే పైపు) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి వాల్వ్ మీద, మానిఫోల్డ్ నోట్లో గట్టి పెచ్చులా కడతాయి. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే స్లో స్పీడులో ఇంజిన్ వణుకుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో మిస్సింగ్, నల్ల పొగ. మూసుకుని ఇరుక్కుంటే పి0401 కోడ్ వస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, వాల్వ్ విప్పి, కార్బ్ క్లీనర్ కొట్టి నాననిచ్చి, ప్లాస్టిక్ బ్రష్‌తో తోమండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే సీటు పాడవుతుంది. కనెక్టర్ వైపు క్లీనర్ వెళ్లకూడదు. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి. రేకు పెట్టి ఈజీఆర్ మూసేయమని కొందరు సలహా ఇస్తారు. దాంతో పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, అది చట్టవిరుద్ధం కూడా.

టర్బోని చివర్లో చూడాలి. ఇంజిన్ చల్లారాక ఇన్‌టేక్ పైపు తీసి షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకి కొద్దిగా ఆడటం సహజం. ముందుకీ వెనక్కీ ఆట తెలియకూడదు, రెక్కలు హౌసింగ్‌కి తగిలిన గీతలు ఉండకూడదు. టర్బో పోవడానికి మొదటి కారణం ఆయిల్ అందకపోవడమే. అందుకే కొత్త టర్బో వేసినప్పుడు ఆయిల్ ఫీడ్ పైపు కూడా కొత్తది వేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చి, లోపల చేరిన విరిగిన ముక్కలు పోయేలా ఇంటర్‌కూలర్‌ని కడిగించాలి. లేకపోతే రెండో టర్బో కూడా అదే దారి పడుతుంది. హైవే మీద గట్టిగా నడిపి ఆపినప్పుడు ఇంజిన్‌ని ఒక నిమిషం స్లోలో ఉంచి ఆపండి.

నీలం పొగ దట్టంగా వస్తూ, యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ రైజ్ అవుతూ, తాళం తిప్పినా ఆగకపోతే అది టర్బో సీలు పోయి తన ఆయిల్‌ని తానే కాల్చుకుంటున్న ఇంజిన్. క్షణం ఆలస్యం చేయకుండా బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయండి. ఇంజిన్ స్టాల్ అయిపోతుంది. ఈ ఒక్క సంగతి ఇంట్లో బండి నడిపే అందరికీ తెలిసి ఉండాలి.

స్టార్టింగ్ ట్రబుల్, ఇంజెక్టర్లు

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 200 బార్ దగ్గరికైనా చేరకపోతే ఇంజెక్టర్లు తెరుచుకోవు, తెల్ల పొగ కూడా రాదు. రైల్ ప్రెషర్ తక్కువని చెప్పే పి0087 కోడ్‌కి కూడా చూడాల్సిన వరస ఇదే: డీజిల్ ఫిల్టర్, పైపుల్లో గాలి, ఇంజెక్టర్ రిటర్న్ లీకు, ప్రెషర్ రెగ్యులేటర్, అన్నిటికీ చివర హైప్రెషర్ పంపు. ఫిల్టర్ 20,000 కిలోమీటర్లకి మార్చండి, వానాకాలం ముందు అడుగున చేరిన నీళ్లు వదిలేయండి. మార్చాక ఖాళీ ఫిల్టర్‌తో సెల్ఫ్ కొడుతూ కూర్చోకూడదు. చేతి ప్రైమింగ్ పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కాలి, లేని బండ్లలో ఇగ్నిషన్ నాలుగైదు సార్లు ఆన్ చేసి ఆపితే ట్యాంకులోని పంపు డీజిల్ నింపుతుంది.

రిటర్న్ లీకు పరీక్షకి నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి, ఒకే సైజు సీసాల్లో పెట్టి ఇంజిన్‌ని రెండు మూడు నిమిషాలు స్లోలో తిప్పండి. ఒక సీసాలో మిగతావాటి కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ డీజిల్ చేరితే ఆ ఇంజెక్టర్ అరిగినట్టే. కొత్త ఇంజెక్టర్ మీద కోడ్ ఉంటే స్కానర్‌తో ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్) ఎక్కించాలి. లేకపోతే స్లో స్పీడు కుదరదు. ఇంజిన్ తిరుగుతుండగా కామన్ రైల్ పైపుల నట్లు వదులు చేయడం, పైపుల మీద చేయి పెట్టి లీకు వెతకడం ఎప్పుడూ చేయకండి. వందల బార్ల ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

బానెట్ ఎత్తితే ‘చుస్ చుస్’ శబ్దం, ఇంజెక్టర్ మొదట్లో తారు లాంటి నల్లటి గట్టి కార్బన్ కనబడితే కింద రాగి వాషర్ పోయింది. వాషర్ ధర చాలా తక్కువ. వదిలేస్తే మాత్రం కార్బన్ గట్టిపడి ఇంజెక్టర్ బయటికి రాకుండా బిగుసుకుపోతుంది. సీటు శుభ్రం చేసి కొత్త వాషర్, కొత్త బోల్టు వేయాలి. పాత వాషర్‌ని కాల్చి మళ్లీ వాడకూడదు.

చలికాలంలో మాత్రమే స్టార్టింగ్ ఇబ్బంది పెడితే సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు చూడండి, పి0380 కోడ్ వాటిదే. ఇంజిన్ ఎంతసేపటికీ 80 డిగ్రీలు దాటకుండా, మైలేజీ పడిపోతే థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని అదుపు చేసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుంది.

ఏ రిపేరు చేశాకైనా కోడ్లు చెరిపేసి, స్కానర్ పెట్టుకునే రోడ్డెక్కండి. మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి, బూస్ట్ (టర్బో ప్రెషర్), రైల్ ప్రెషర్ రెండింటిలోనూ ఈసీయూ అడిగిన అంకె, నిజంగా వచ్చిన అంకె పక్కపక్కనే వెళుతున్నాయా చూడండి. వెనకబడుతున్నది ఏదో అక్కడే మిగిలిన పని ఉంది.