ట్రాలీతో ట్రాక్టర్ వెనక్కి తీసేటప్పుడు

కర్నూలు మార్కెట్ యార్డుకు ఎర్రగడ్డల లోడు తెచ్చినా, బేతంచెర్ల నాపరాళ్లు ఊళ్లో దించాలన్నా, ముందుకు తోలడం పెద్ద పని కాదు. చిక్కంతా చివరి 30 అడుగుల్లోనే. గోడలు కూలేదీ, ట్రాలీని ట్రాక్టరుకు కలిపే పిన్నులు వంగేదీ, మనుషులు నలిగేదీ అక్కడే. ఇక్కడ చెప్పేది మనకు ఎక్కువగా ఉండే రెండు చక్రాల ట్రాలీ గురించి.

సీటు ఎక్కకముందే ట్రాలీ చుట్టూ ఒకసారి నడవండి. పిన్ను అడుగున క్లిప్పు ఉందా, లోడు ఎత్తి పోసే టిప్పింగ్ ట్రాలీ అయితే హైడ్రాలిక్ పైపు మలుపులో లాగకుండా కాస్త వదులుగా ఉందా, ట్రాక్టరు వెనక పనిముట్లు ఎత్తే లిఫ్టు చేతులు టైరుకు కొట్టుకోకుండా కట్టి ఉన్నాయా చూడండి. రెండు బ్రేకు పెడళ్లూ కలిపే లాకు తప్పకుండా వేయండి. దుక్కిలో విడివిడిగా తొక్కిన అలవాటుతో ఒక్క పెడలే తొక్కితే, ట్రాక్టర్ ఒక పక్కకు లాగి ట్రాలీ మీదికే తిరుగుతుంది.

ఇప్పుడు స్టీరింగు సంగతి. వెనక్కి వెళ్లేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ తోక ఎడమకు పోతుంది, ఎడమకు తిప్పితే కుడికి. దీన్ని మనసులో లెక్కపెడుతూ కూర్చుంటే తికమక తప్పదు. అందుకని చెయ్యి స్టీరింగు అడుగు భాగాన పెట్టుకోండి. ట్రాలీ తోక ఎటు పోవాలో చేతిని అటే జరపండి. పని సులువైపోతుంది.

కుడి వైపు గేటులోకి పెట్టాలనుకోండి. గేటు దాటి ముందుకెళ్లి, ట్రాలీ తోక గేటుకు ఐదారు అడుగులు అవతల ఉండేలా, ట్రాక్టరూ ట్రాలీ ఒకే గీతలోకి వచ్చేలా ఆపండి. గోడకు మరీ ఆనుకుని నిలబెడితే తిరగడానికి చోటుండదు. లో రివర్సు (అన్నిటికన్నా నిదానమైన వెనక గేరు) వేసి, ఎక్స్‌లేటర్ తగ్గించి, మనిషి నడక కన్నా నిదానంగా కదలండి. అడుగున ఉన్న చేతిని కొంచెం కుడికి జరపండి. ట్రాలీ వెంటనే తిరగదు, రెండు మూడు అడుగులు పోయాకే తోక కదులుతుంది. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. తిరగలేదని ఇంకా తిప్పుతారు, ఆ తర్వాత ట్రాలీ ఒక్కసారిగా ట్రాక్టరు మీదికి మడుచుకుపోతుంది. మలుపు మొదలైందంటే స్టీరింగును మెల్లగా నడిమికి తెచ్చి, ఆపైన ఎదురు వైపుకు తిప్పుతూ ట్రాక్టరును ట్రాలీ వెంట నడపాలి. తోక గేటులోకి నేరుగా చొరబడగానే ముందు టైర్లు తిన్నగా చేసేయండి.

చూపు ఎప్పుడూ వెనక పెద్ద టైరుకూ ట్రాలీ ముందు మూలకూ మధ్య సందు మీద ఉండాలి. అది జానెడుకు వచ్చిందంటే ఆపేయండి. అక్కడి నుంచి స్టీరింగు ఎంత తిప్పినా సరికాదు, వెనక్కి నెట్టిన కొద్దీ టైరు చీలుతుంది లేదా ట్రాలీ ముందు, పిన్ను పట్టే కొక్కెం వంగుతుంది. ముందుకు 10 అడుగులు పోనిచ్చి ట్రాలీని తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. నాలుగుసార్లు ముందుకు తీసినా నామోషీ ఏమీ లేదు.

బస్తాలు నిలువుగా పేర్చిన లోడు వెనక ఏముందో సీట్లోంచి కనపడదు. వెనక చూపించే మనిషి ఒక్కడే ఉండాలి. ట్రాలీ పక్కగా, పది అడుగుల దూరంలో, మీ కంటికి కనబడేచోట నిలబడాలి. ట్రాలీకీ గోడకూ మధ్య ఎవరూ ఉండకూడదు, ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య అసలే ఉండకూడదు. "రానీ, రానీ" అని అరుస్తుంటారు కదా, ఇంజిన్ చప్పుడులో "ఆపు" అన్న మాట వినపడేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే చెయ్యెత్తితే ఆగాలని ముందే అనుకోండి. ఆ మనిషి కంటికి కనపడకపోయినా ఆగండి. సందుల్లో చిన్నపిల్లలు ట్రాలీ వెనక వేలాడుతుంటారు, వాళ్లను దించి దూరం పంపాకే క్లచ్ వదలండి.

పల్లంలోకి వెనక్కి దిగాల్సి వస్తే గేరు ముందే లో రివర్సులో వేసుకోండి, దారి మధ్యలో క్లచ్ తొక్కొద్దు. చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. క్లచ్ తొక్కితే లోడు బరువంతా ట్రాక్టరును లాక్కుపోతుంది. వాన పడ్డ నల్లరేగడి మీద లోడుతో వెనక్కి నెట్టడం కన్నా, రోడ్డు మీదే దించుకోవడం మేలు. టైరు ఒకసారి దిగబడితే తిప్పిన కొద్దీ లోపలికే పోతుంది.

నాలుగు చక్రాల ట్రాలీకి పైన చెప్పిన స్టీరింగు పద్ధతి వర్తించదు. దాని ముందు ఇరుసు కూడా తిరుగుతుంది కాబట్టి మడత రెండు చోట్ల పడుతుంది. దాన్ని నేరుగా కొద్ది అడుగుల కన్నా ఎక్కువ వెనక్కి తీయాలని చూడకండి, చుట్టూ తిరిగి ముందు వైపు నుంచే వచ్చేలా దారి చూసుకోండి.

నేర్చుకునేవాళ్లు కోత అయిపోయిన చేనులోనో ఖాళీ కల్లంలోనో, ఖాళీ ట్రాలీతో మొదలుపెట్టాలి. ఎనిమిది అడుగుల వెడల్పున రెండు ఖాళీ బస్తాలు పెట్టి వాటి మధ్యకు తీయండి. నేరుగా తీయడం చక్కగా వచ్చాకే మలుపు జోలికి పోండి.

లోడు దించేటప్పుడు ముందు భాగం ఖాళీ చేసి వెనక బరువు ఉంచకండి. వెనక బరువెక్కువైతే కొక్కెం పైకి లేస్తుంది. ఆ స్థితిలో పిన్ను లాగితే కొక్కెం ఎగిరి, వంగి ఉన్న మనిషి దవడకు తగులుతుంది. ట్రాలీ టైర్ల కింద రెండు వైపులా రాళ్లు పెట్టి, ముందు స్టాండు దించి, కొక్కెం పైకి లేవడం లేదని చూసుకున్నాకే పిన్ను తీయండి.