సొంత మెయిల్ సర్వర్‌కి స్పామ్ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం

స్పామ్ పెరగగానే ఫిల్టర్‌ని బిగించేయకండి, మంచి మెయిల్స్ కూడా పోతాయి. ముందు ఒక స్పామ్ మెయిల్ హెడర్లు (అది ఏ దారిలో వచ్చిందో చెప్పే లైన్లు) తెరిచి, అది వచ్చిన సమయానికి మెయిల్ లాగ్‌లో ఏముందో చూడండి.

బ్లాక్‌లిస్ట్ పెట్టినా స్పామ్ ఆగడం లేదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. సర్వర్ డీఎన్‌ఎస్ కోసం 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్‌ని (అందరూ వాడే డీఎన్‌ఎస్ సర్వర్‌ని) వాడుతుంటే స్పామ్‌హౌస్ (స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్ట్ నడిపే సంస్థ) ఉచిత జాబితా దానికి సరైన జవాబు ఇవ్వదు. సర్వర్ మీదే 2.0.0.127.జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్ అని (ఇంగ్లిష్ అక్షరాల్లో) డిగ్ (డీఎన్‌ఎస్‌ని అడిగే కమాండ్) కొట్టి చూడండి. 127.0.0.2 కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. 127.255.255.254 వస్తే మీ ప్రశ్నను తిప్పికొట్టారని అర్థం. ఇందులో ఇంకో ప్రమాదం ఉంది: పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఏ జవాబు కోడ్‌లను లెక్కలోకి తీసుకోవాలో రాయకపోతే, ఈ ఎర్రర్ కోడ్‌ని కూడా 'లిస్ట్‌లో ఉంది' అనే అనుకుని వచ్చిన ప్రతి మెయిల్‌నీ తిరగ్గొడుతుంది. దీనికి మందుగా, అదే సర్వర్‌లో అన్‌బౌండ్ (సొంత డీఎన్‌ఎస్ రిజాల్వర్) ఇన్‌స్టాల్ చేసి, ఫార్వర్డింగ్ లేకుండా (ప్రశ్నల్ని వేరే రిజాల్వర్‌కి పంపకుండా) నడపండి. పోస్ట్‌ఫిక్స్‌లో 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకే లెక్కలోకి తీసుకోమని రాయండి.

మన అడ్రస్ నుంచే మనకు స్పామ్

టెన్షన్ పడే ముందు లాగ్ చూడండి. ఆ మెయిల్ దగ్గర లాగిన్ యూజర్ పేరు ఉంటే పాస్‌వర్డ్ ఎవరికో చిక్కినట్టే, వెంటనే మార్చేయండి. లేకపోతే 'ఫ్రమ్' లైన్‌లో మీ అడ్రస్ దొంగతనంగా రాశారంతే. ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) ఆ లైన్‌ని చూడదు, కాబట్టి అదొక్కటే చాలదు. డీకిమ్ (మెయిల్‌పై డిజిటల్ సంతకం), డీమార్క్ ('ఫ్రమ్' డొమైన్ వాటితో సరిపోకపోతే ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా పెట్టాలి. రికార్డులు పెట్టి ఊరుకోకుండా, లోపలికొచ్చే మెయిల్స్‌ని వాటితో సరిచూసే పని ఆర్‌స్పామ్‌డీ లాంటి ఫిల్టర్‌కి అప్పజెప్పండి.

లేని యూజర్లకు వచ్చే మెయిల్స్

క్యాచ్-ఆల్ (లేని అడ్రస్‌లకొచ్చే మెయిల్స్ కూడా తీసుకునే సెట్టింగ్) తీసేయండి. లేని అడ్రస్‌కి కనెక్షన్ ఉండగానే 550 (తీసుకోమనే ఎర్రర్ కోడ్) చెప్పాలి. తీసుకున్నాక బౌన్స్ చేస్తే (తిప్పి పంపితే), పంపినవాడి అడ్రస్ దొంగది కాబట్టి, అది ఏ పాపం ఎరుగని మనిషి ఇన్‌బాక్స్‌లో పడుతుంది, మన ఐపీ బ్లాక్‌లిస్ట్‌కెక్కుతుంది.

బాట్‌ల తాకిడి

పోస్ట్‌స్క్రీన్ (పోస్ట్‌ఫిక్స్‌లో బాట్‌లను ముందే ఆపే భాగం) ఆన్ చేయండి. పలకరింపు పూర్తి చేసే ముందు మామూలుగా 6 సెకన్లు ఆగుతుంది. ఆలోపే తొందరపడి మాట్లాడే బాట్‌లు దొరికిపోతాయి. గ్రేలిస్టింగ్ (కొత్తవాళ్ల మెయిల్‌ని మొదటిసారి 'తర్వాత రండి' అని ఆపడం) కూడా పనిచేస్తుంది కానీ ఓటీపీలు ఆలస్యమవుతాయి, అందుకే నేను వాడను.

స్పామ్ అని ఎంత నేర్పినా మార్పు లేదు

స్పామ్‌అసాసిన్ ఫిల్టర్‌లోని బేయస్ (నేర్పిన మెయిల్స్‌ని బట్టి స్పామ్‌ని గుర్తించే భాగం) మొదలవ్వాలంటే కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిల్స్ నేర్పాలి. మంచివి నేర్పడమే చాలామంది మర్చిపోతారు.